పేరు పెట్టి పిలవమన్నరు

హబ్సిగూడల ఒక హోటల్ మీది అంతస్తుల, ఏసీ హాల్‌ల మమ్మల్ని గుండ్రంగ కూసోబెట్టి, టై కట్టుకున్న ఒకాయన అడిగిండు: "మీలో లీడర్ ఎవరు? చెయ్యి ఎత్తండి."

ఎవ్వలు ఎత్తలే. నేను గూడ ఎత్తలే. ఆయన మమ్మల్ని అందర్ని ఒకపారి కలెజూసి, పండ్లు బయటపెట్టి నవ్వి, "చూశారా, ఇదే మన సమస్య. మైండ్‌సెట్!" అన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయ్యా, నీకు అది సమస్య లెక్క కనవడ్డదేమో గని, మేము చెయ్యి ఎత్తకపోవుడు భయంతోని కాదు. మా దిక్కు "నేనే పెద్ద" అని చెయ్యి లేపేటోన్ని చూసి జనం నవ్వుతరు. పెద్దరికం అడిగి తెచ్చుకునేది కాదు, పక్కనోళ్ళు ఇయ్యాలె. గంత సిన్న ముచ్చట తెల్వనాయన మాకు నాయకత్వం నేర్ప వచ్చిండు. పైంగ బిస్కెట్లు పెట్టి.

అయితే ఒకటి దాచకుంట చెప్త. ఆ హాల్‌ల కూసున్న అందరికన్న ఎక్కువ లీడర్ కావాల్నని ఉన్నది నాకే.

మాది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల అట్టపెట్టెల ఫ్యాక్టరీ. మందుల కంపెనీలకు డబ్బాలు చేస్తుంటిమి. అచ్చయిన షీట్లు లారీల వస్తయ్, పంచింగ్ మిషిన్ కింద పెట్టి వాటిని డబ్బా ఆకారంల కొడ్తరు, ఆడోళ్ళు కూసుండి మడిచి గమ్ముతోని అంటిస్తరు. నేను ఆ అంటించుడుకాన్నే మొదలువెట్టిన. ఫోర్‌మన్ మోకాళ్ళు పోయి ఊరికి పోయినంక ఆయన జాగ ఖాళీ అయ్యింది. జాగ ఖాళీగనే ఉన్నది గని పని మాత్రం నా నెత్తికొచ్చింది. ఎవరు రాలే, ఎవరి జాగల ఎవర్ని కూసోబెట్టాలె, ఏ ఆర్డర్ ముందు పోవాలె, బంద్ ఉన్ననాడు లారీని ఏ సందులకెల్లి పంపాలె, అన్నీ నేనే. తెలంగాణ లొల్లి మస్తు జోరుమీదున్న రోజులు. వారంల ఏ దినం బస్సులు నడుస్తయో ఏ దినం నడవయో దేవునికే ఎరుక. ఆ రోజులల్ల గూడ మా షెడ్డు ఒక్క ఆర్డర్ తప్పలే.

షెడ్డు మూలకు అద్దాల గది ఒకటి ఉండె. లోపల కుర్చీ, ఫ్యాను, తలుపు మీద "ఫ్లోర్ ఇన్‌చార్జ్" అని బోర్డు. ముసలి సారు, అంటే ఓనర్, మంచోడే. ఎదురువడ్డప్పుడల్ల "ఆ కుర్చీ నీదేనమ్మా, కొంచెం ఆగు" అంటుండె. నేను ఆగిన. ఆ కుర్చీ ఎందుకు కావాల్నని అడిగితే చెప్త. మాది ఉప్పల్ ఊరు. ఊరంటే ఇప్పుడు రింగ్ రోడ్డు, సినిమా హాళ్ళు అనుకుంటరు గని, మా అత్త కాలంల పొలాలే. మా అత్త నాట్లేస్తుంటే వరుసల ముందు ఆమెనే ఉండేదట, ఆమె పాట ఎత్తుకుంటేనే మిగిలినోళ్ళు వంగేటోళ్ళట. పొలాలు ప్లాట్లయినయ్. మా అత్త గడపల కూసుంది. నేను ఫ్యాక్టరీకి వచ్చిన. పని నడిపేది నేను, సంతకం పెట్టేది ఇంకోడు. ఒక ఆర్డర్ మంచిగ పోతే "షెడ్డు మంచిగ నడుస్తున్నది" అంటరు. చెడిపోతే "ఆమె ఏం చేస్తున్నది?" అంటరు. ఈ తీరు నాకు వద్దు. చేసేది నేనే అయితే కూసునేది గూడ నేనే కావాలె. గంతే నా లెక్క.

ఇగ మా పంచింగ్ మిషిన్ ముచ్చట. ఆ మిషిన్ నడిపేది మా బావ. అంటే మా ఆయన సొంత అన్న. నన్ను ఆ ఫ్యాక్టరీల పెట్టిచ్చింది గూడ ఆయనే. మా ఇంట్ల కోడలు బావ పేరు తియ్యది, ఆయన ఎదురుంగ కూసోది, ఆయన మొఖం సూసి మాట్లాడది. బావ గూడ తమ్ముని పెండ్లాంతోని మాట్లాడడు. మరి షెడ్డుల ఆయన మిషిన్ ఆపాలె, ఆపమని నేను చెప్పాలె. ఎట్ల?

మస్తు సులువు. నేను మిషిన్‌తోని మాట్లాడుతుంటి. "ఓ మిషినూ, జర ఆగరాదే, షీటు వంకరవోతున్నది" అంటే మిషిన్ ఆగుతుండె. "మిషినూ, ఈ ఆర్డర్ పొద్దుగూకేసరికి కావాలె" అంటే బావ గూడ మిషిన్ మీద చెయ్యేసి, దానితోనే చెప్తున్నట్టు, "అయితది, ఎందుకు కాదు" అంటుండె. కొత్తగ వచ్చినోళ్ళు మొదటి దినం కిసుక్కున నవ్వుతుండిరి. రెండో దినం అలవాటయ్యేది. ఏండ్లకేండ్లు గట్లనే నడిచింది, ఎవ్వలకు తకరార్ లేకుండె.

ఒక్క ముచ్చట కాడనే మిషిన్‌కు చెవుడొచ్చేది. చేతులకు దెబ్బ తాకకుంట మిషిన్‌కు ముందట ఇనుప జాలి ఒకటి ఉంటది. అది ఉంటే షీటు పెట్టి తీసుడు ఆలస్యమైతదని బావ దాన్ని పైకి మడిచి తీగతోని కట్టేసిండు. "మిషినూ, నీ జాలి ఏదే? ఎవరి చెయ్యన్న తింటవా ఏంది?" అని ఎన్నిసార్లు మొత్తుకున్ననో. ఉలుకు లేదు పలుకు లేదు. అత్తమీది కోపం దుత్తమీద అన్నట్టు నేను పోయి ఆ మిషిన్ బల్లను తువ్వాలతోని కొట్టి వస్తుంటి. బావ జాలి ఎయ్యలే.

ముసలి సారుకు షుగర్ ఎక్కువై ఇంటి పట్టున ఉన్నంక కొడుకు వచ్చిండు. మేము చిన్న సారు అంటుంటిమి. ఎక్కడో పెద్ద చదువు చదివిండు. వచ్చుడు వచ్చుడే ఒక హెచ్చార్ మేడంను తెచ్చిండు. ఆమెది కోస్తా దిక్కు, ప్రతి మాటకు "అండి" ఉంటది. ఆమె నోరు తెరిస్తే మావోళ్ళు ఒకల మొఖం ఒకలు సూసుకునేటోళ్ళు, రోజులు గట్లాంటియి మరి. నాకు ఆమె యాసతోని పంచాయితి లేకుండె. ఆమె తెచ్చిన రూల్స్‌తోనే.

హబ్సిగూడ తమాషా అయిన మరుసటి వారమే అందరి మెడల బిళ్ళలు పడ్డయ్. బిళ్ళ మీద పేరు, గంతే. ఇంటిపేరు లేదు, పని పేరు లేదు. మేడం మమ్మల్ని నిలబెట్టి చెప్పింది: "ఇవాళ్టి నుంచి అన్నలు, అక్కలు, వదినలు, సార్లు, మేడంలు ఎవరూ లేరండి. పైనుంచి కింద దాకా అందరం పేర్లతోనే పిలుచుకుందాం. అప్పుడు భయం పోతుంది. అప్పుడే ప్రతి ఒక్కరూ లీడర్ అవుతారు."

భయం పోవుడు ఏమో గని మాటలు పోయినయ్. వదిన అని పిలిస్తే ఎకసెక్కం ఆడొచ్చు. "ఏం వదినా, గమ్మంత ఒలకవోస్తున్నవ్, మా అన్న రాత్రి అన్నం వెట్టలేదా?" అంటే ఆమె నవ్వుకుంట తిట్టుకుంట చెయ్యి సర్దుకునేది. అదే మాట పేరు పెట్టి అంటే ఏమైతది? కంప్లైంట్ అయితది. అక్క అంటే అక్కతోని తిట్లు తినొచ్చు, తిని మల్ల ఆమె డబ్బల అన్నం గూడ తినొచ్చు. పేరు పెట్టి తిడితే ఎవరు పడ్తరు? తన బిడ్డ ఈడు పిల్ల పేరు పెట్టి పిలిచిందని రామంతాపూర్‌కెల్లి వచ్చే ఒక పెద్దామె బాత్రూంల పోయి ఏడ్చింది. కొన్నాళ్ళకు ఎవ్వలు ఎవ్వల్ని పిలుసుడే బందు చేసిన్రు. "ఓయ్", "ఇగో", లేకుంటే చప్పట్లు. పశువుల్ని అదిలిచ్చినట్టు.

నేను పోయి మేడంకు ఈ ముచ్చట చెప్పిన. ఆమె మంచిగనే విన్నది. విని, "మార్పు మొదట్లో ఇబ్బందిగానే ఉంటుందండి" అన్నది. ఇబ్బంది పడేది మేము, ఓపిక పట్టేది ఆమెనా? వాహ్!

ఒకనాడు నన్ను, ఇంకొక పిలగాన్ని అద్దాల గదిలకు పిలిచిన్రు. ఆ పిలగాడు డిప్లొమా చదివిండు, లాలాపేట్‌కెల్లి బండి మీద వస్తుండె. బడాయి ఎక్కువ గని పని రానోడేం కాదు, అబద్ధమెందుకు. కంప్యూటర్ వస్తది, ఇంగ్లీషు వస్తది. పేర్లు పెట్టి పిలుసుడు మాత్రం వానికి అందరికన్న బాగా వచ్చింది. మా బావను గూడ పేరు పెట్టి ఒర్రేటోడు, బావ విననట్టే షీట్లు సర్దుకుంటుండె.

మేడం అన్నది: "ఇన్‌చార్జ్ మీ ఇద్దరిలో ఒకరు. కొన్నాళ్ళు చూస్తాం." తర్వాత నా దిక్కు తిరిగి, "మీరు పని చాలా బాగా నడిపిస్తున్నారండి. కానీ ఒక్క ఆపరేటర్‌కి మొహం చూసి మిషన్ ఆపండి అని చెప్పలేకపోతున్నారు. మిషన్‌తో మాట్లాడతారట! అలాంటివారికి ఫ్లోర్ ఎలా ఇస్తామో మీరే చెప్పండి" అన్నది.

ఆ డిప్లొమా పిలగాడు గోడ దిక్కు సూస్తున్నట్టు సూసుకుంట నవ్విండు. నాకు చెవులల్ల పొగలొచ్చినయ్. అప్పటిదాంక ఆమె మీద ఉన్న కోపం ఒకెత్తు, ఆ దినం వచ్చిన కోపం ఒకెత్తు. ఎందుకంటే ఆమె చెప్పిన దాంట్ల నిజమున్నది. ఆ జాలి సంగతి నాకు యాదికొచ్చింది. మొఖం సూసి చెప్తే వినేటోడేమో గదా.

ఇక్కడ ఒక ముచ్చట. ఆయన మా బావ అని నేను ఆమెకు చెప్పలే. దాచిపెట్టలే, చెప్పాల్నని తోచలే. షెడ్డంత ఎరుకున్న సంగతి, వాచ్‌మన్‌కు ఎరుకే, క్యాంటీన్ ఆమెకు ఎరుకే, మల్ల నోటితోని చెప్పుడేంది? మేడంకు గూడ ఎరుకే అనుకున్న. అందరు గట్లనే అనుకున్నరు. ఊర్ల ఉన్నోళ్ళకు ఇదొక రోగం, మనకు తెల్సింది లోకానికంత తెల్సనుకుంటరు.

ఆ పొద్దు ఇంటికి పోయి అన్నం కాడ మా ఆయనకు చెప్పిన, బావను పేరు పెట్టి పిలిస్తేనే కుర్చీ అని. మాది ఒకటే వాకిలి, రెండు వంటలు. ఎవరింట్ల మాట్లాడినా అందరికి ఇనవడ్తది. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతడు, లోకం తిరిగినోడే. "కంపెనీల కంపెనీ తీరు, ఇంట్ల ఇంటి తీరు. దీంట్ల ఏమున్నది?" అన్నడు. నేను ఖుషి అయితుంటే, బుక్క మింగి, "కని నువ్వు పిలవకు" అన్నడు. ఇగో, గిట్లుంటది మా ఇంటాయన తీర్పు.

అత్త బయటికెల్లి అందుకున్నది. "ఏందే? బావను పేరువెట్టి పిలుస్తవా? పిలువు పిలువు! మొగన్ని గూడ పిలువు, నన్ను గూడ పిలువు, ఒక్కటేసారి అయిపోతది! కుర్చీ కోసం ఇంటి ఇజ్జత్ తీసుకపోయి నాచారంల పెడ్తవా?"

"నాట్లల్ల నువ్వు వరుస నడిపిస్తే ఇజ్జత్, నేను షెడ్డు నడిపిస్తే ఇజ్జత్ పోయిందా?" అన్న. అత్త మొఖం అటు తిప్పుకున్నది.

బావ వాకిట్ల మంచం మీద ఉన్నడు. అన్నీ విన్నడు. లేసి, చెప్పులేసుకుంట, వాళ్ళమ్మతోని అన్నడు: "పిలవమంటే పిలవనియ్యమ్మా. నా పేరేమన్న అరిగిపోతదా?" అని రోడ్డు దిక్కు పోయిండు. మెట్రో కోసం తవ్వి పెట్టిన గుంతల పక్కపొంటి పోయి ఆడ చాయ్ బండి కాడ కూసునుడు ఆయనకు అలవాటు. మంచి మాటే అన్నడు. అయినా నాకు కోపమే వచ్చింది. పిలవనియ్యి అని వాళ్ళమ్మకు చెప్తడు. ఆ మాట నాకు చెప్తే ఆయన సొమ్మేం పోతుండె?

కొన్ని దినాలకు మేడం మీటింగ్ పెట్టింది. ఆ దినం మిషిన్లు బందువెట్టి, షెడ్డు నడుమ కుర్చీలు గుండ్రంగ ఏసిన్రు. ఒకల మొఖం ఒకలు సూసి, పేరు పెట్టి, ఒక మంచి, ఒక మార్చుకోవాల్సింది చెప్పాల్నట. చిన్న సారు గూడ వచ్చి మా నడుమనే ప్లాస్టిక్ కుర్చీల కూసున్నడు. అంగీ చేతులు మడుచుకొని, "ఇక్కడ సార్ ఎవరూ లేరు. నేనూ మీలో ఒకడినే. నన్ను కూడా పేరు పెట్టే పిలవండి" అన్నడు. ఎంత మంచి మాట! మా ఆడోళ్ళు ఒకల్నొకలు మోచేతులతోని పొడుసుకున్నరు.

డిప్లొమా పిలగాడు లేసి అంటించే ఒకామెకు చెప్పిండు. "మీ స్పీడ్ బాగుంది, మొబైల్ తగ్గించుకోవాలి." అందరు చప్పట్లు కొట్టిన్రు. ఆమె కొట్టలే. తర్వాత మేడం నన్ను లేపి, పంచింగ్ ఆపరేటర్‌కు చెప్పమన్నది.

లేసిన. బావ నా ఎదురుంగ కుర్చీల తల కిందికేసుకొని కూసున్నడు. నా చెయ్యి నేను చెప్పకుంటనే కొంగు నెత్తిమీదికి గుంజుకున్నది. పేరు తీసిన. మెల్లగ గాదు, అందరికి ఇనవడేటట్టు తీసిన. "మీ పని మంచిది. షెడ్డుల మీకన్న మంచిగ ఎవ్వలు కొట్టరు. కని జాలి పైకి కట్టి నడుపుతున్నరు. అది తప్పు. రేపు జాలి లేకుంటే నేను మిషిన్ బంద్ చేపిస్త."

"అయ్యో!" అన్నది రామంతాపూర్ పెద్దామె, నోరు మూసుకుంట. బావ తల ఎత్తలే. నేల సూసుకుంటనే "సరే" అన్నడు.

నాకైతే సిగ్గు ముంచుకొచ్చింది. దాని ఎంబటే ఏదో హాయి గూడ వచ్చింది, అబద్ధం చెప్ప. ఇన్నేండ్లకు ఆ జాలి సంగతి ఒక మనిషికి చెప్పిన. మనిషి సరే అన్నడు. గింతేనా, గింత సులువా అని మా రివాజు మీద గూడ మండింది.

మేడం చప్పట్లు కొట్టి, "వెరీ బ్రేవ్!" అన్నది. అని, ఆ పెద్దామె దిక్కు తిరిగి "మీరెందుకు అయ్యో అన్నారు?" అని అడిగింది. ఆమె, పాపం, ఉన్నది ఉన్నట్టు చెప్పింది: "బావ గాదా మేడం! పెనిమిటి అన్న. పేరు తీస్తరా ఎక్కడనన్న?"

మేడం నవ్వు ఆడనే ఆగింది. చిన్న సారు దిక్కు సూసింది. చిన్న సారు కుర్చీల ముందుకు వంగి నన్ను అడిగిండు: "ఆయన మీ ఫ్యామిలీనా? ఒకే ఇంట్లో ఉంటారా?"

అవునన్న.

"అయితే ఇన్‌చార్జ్ పోస్ట్ మీకివ్వడం కుదరదు. బంధువు కింద బంధువు పనిచేయకూడదు. మోడర్న్ వర్క్‌ప్లేస్‌లో అది బేసిక్ రూల్. ముందే చెప్పుండాల్సింది."

ఒక్క ముక్కల తేల్చేసిండు, కూరగాయలు కోసినట్టు. ఏరు దాటేదాంక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న అంటే గిదే. బందులల్ల లారీలు పంపినప్పుడు నేను ఎవరి బంధువునో ఎవ్వలు అడగలే. పేరు తీపిచ్చిన్రు, అందరి ముందట తీపిచ్చిన్రు, తీసినంకనే ఆ పేరు నాకు అడ్డమన్నరు.

నేను కూసోలే. చిన్న సారును పేరు పెట్టి పిలిచిన. రూలే గదా, ఆయన పెట్టిందే గదా. బిళ్ళ ఆయన మెడల గూడ ఉన్నది. పేరు పెట్టి పిలిచి అడిగిన: "మీరు ఎవరి కింద పనిజేసి ఆ కుర్చీకి వచ్చిన్రు? మీ నాయిన కింద గాదా? అది చుట్టరికం కాదా?"

ఆయన మొఖం ఎట్ల మాడిందో మీరు సూడాల్సి ఉండె. ప్రశ్నకు కాదు. ప్రశ్న ఆయన చెవుల దాంక పోనే పోలే. నా నోట ఆయన పేరు వచ్చింది, గక్కడనే ఆగిపోయింది మనిషి. మడిచిన అంగీ చేతులు కిందికి గుంజుకున్నడు.

"సార్ అను," అన్నడు.

గంతే. "అనండి" గూడ గాదు, "అను". జర సేపటి కిందనే సార్ లేడన్న నోరు. మేడం తన చెప్పుల దిక్కు సూసుకుంట కూసున్నది. ఆమెకు గూడ ఆ దినం ఏదో సమజైనట్టే ఉన్నది గని, మాట్లాడలే. జీతం తినేటోళ్ళు ఎట్ల మాట్లాడ్తరు? నేను "సార్" అనలే. కుర్చీ ఎత్తి పక్కకు పెట్టి నా జాగకు పోయిన.

కుర్చీ డిప్లొమా పిలగానికి పోయింది. నన్ను పంచింగ్ అయినంక మిగిలే అట్టముక్కలు ఏరే కాడ ఏసిన్రు. పేర్ల రూల్ ఎవ్వలు తీసెయ్యలే, అదే మెల్లమెల్లగ అరిగింది. మొదలు చిన్న సారు మల్ల సార్ అయిండు. తర్వాత మేడం మేడం అయింది. తర్వాత ఆ డిప్లొమా పిలగాడు సార్ అయిండు. పేర్లు మాత్రం కింద మాకు మిగిలినయ్. ఆ పెద్దామెను వాడు ఇప్పటికీ పేరు పెట్టే పిలుస్తడు, ఆమె "సార్" అని లేసి నిలబడ్తది. గిదన్నట్టు సమానత్వం.

అయితే ఇది తర్వాతి ముచ్చట. మీటింగ్ అయిన దినం పొద్దుగూకక ముందే నేను ఇంటికొచ్చి ఎనుక బట్టలుతికే బండ కాడ కూసున్న. రేపటి నుంచి పనికి పోవొద్దని అనుకున్న. అత్త లోపల గిన్నెలు చప్పుడు చేసుకుంట నన్ను తిడ్తున్నది, ఆమెకు షెడ్డు ముచ్చట అప్పటికే చేరింది. ఉప్పల్‌ల సంగతులు నాకన్న ముందు ఇంటికి చేరుతయ్.

చెప్పుల చప్పుడయింది. తల ఎత్తితే బావ. సరిగ్గ నా ముందటకు వచ్చి నిలబడ్డడు. నేను లేవబోయిన, కొంగు సర్దుకోబోయిన. ఆయన నన్నే సూసుకుంట, నాతోనే మాట్లాడిండు. పెండ్లయిననాటి సంది మొదటిసారి.

"కుర్చీ వానికని నాకు ముందే ఎరుక," అన్నడు.

నాకు సమజ్ కాలే. "ఏమెరుక?" అన్న. నేను గూడ ఆయన మొఖం సూసే అన్న.

"చిన్న సారు వానికి ఎన్నడో మాట ఇచ్చిండు. కారు డ్రైవర్ చెప్పిండు నాకు. నీ పేరు ఊకెనే పెట్టిన్రు, ఆడోళ్ళకు గూడ మౌకా ఇచ్చినమని చెప్పుకోనీకి. చుట్టరికం ఉత్త సాకు. అది దొరకకుంటే ఇంకోటి చెప్తుండిరి."

నేను నిలబడ్డ. నెత్తి మీద కొంగు జారింది, ఎత్తుకోలే. ఎరుక. ఈయనకు ఎరుక! నేను అత్తతోని మాటలు పడి, మొగనికి ఎదురువోయి, షెడ్డంతటి ముందట ఆ పేరు తీసి సిగ్గుతోని నిలబడ్డప్పుడు, ఎదురుంగ తల కిందికేసుకొని కూసున్న ఈ మనిషికి అంత ఎరుక.

"మరి నాకెందుకు చెప్పలే?" అని ఒర్రిన.

"ఎట్ల చెప్తా?" అన్నడు. "మనం మాట్లాడుకుంటమా?"

ఆ మాటకు నాకు ఏడుపు రావాల్సి ఉండె, కోపమొచ్చింది. "తమ్మునికి చెప్తే కాదా? మీ అమ్మకు చెప్తే కాదా?" అన్న. "తమ్మునికి చెప్తే పోయి చిన్న సారు కాలర్ వట్టుకునేటోడు. అమ్మకు చెప్తే నిన్ను పని మాన్పిచ్చేది. నీకే చెప్పాలె. నీకే చెప్పరాదు," అన్నడు. "చెప్పరాదని ఎవరన్నరు మీకు?" అన్న. "నువ్వు అన్నవా ఏనాడన్న, నాతోని మాట్లాడమని?" అన్నడు.

ఇగ నేను ఆగలే. ఇన్నేండ్ల సంది కడుపుల ఉన్నదంత కక్కిన. చిన్న సారును తిట్టాల్సింది, ఆ మేడంను తిట్టాల్సింది, టై కట్టుకున్నాయనను తిట్టాల్సింది, అన్నీ కలిపి ఈయన్నే తిట్టిన. "నువ్వు" అన్ననో "మీరు" అన్ననో గూడ యాదికి లేదు. ఆయన గూడ తక్కువ తినలే. మాటకు మాట ఇచ్చిండు. నాకు పొగరన్నడు, ఆయనకు పిరికితనమన్న. అద్దాల గదిల కూసుంటే కండ్లు నెత్తికెక్కుతుండె అన్నడు, నోట్ల మాట దాచుకొని మనిషిని ముంచేటోడు మనిషేనా అన్న. అత్త ఉరికొచ్చి గడపల నిలబడి, ఎవర్ని ఆపాల్నో తెల్వక నోట్ల కొంగు కుక్కుకున్నది. మా ఆయన ఆటో ఆపి దిగి, వాకిట్లనే ఆగిపోయిండు.

మస్తుసేపు కొట్లాడినం. గోడ అవతలోళ్ళు సుత తొంగి సూసిన్రు, సూడనియ్యి అనుకున్న. నేను చెప్పేది ఆయన వింటున్నడు, ఆయన చెప్పేది నేను వింటున్న, నడుమ ఎవ్వలు లేరు. గొంతు పోయినంక బండ మీద కూలవడి, మంచినీళ్ళు తెమ్మని ఆయనకే చెప్పిన. ఆయన పోయి తెచ్చిండు.